సీటు జరిగింది

వానలు లేవు కాబట్టే ఆ ఫ్లయింగ్ స్కూలు మా జిల్లాకు వచ్చింది. సోమందేపల్లె దాటి మడకశిర వైపు లోపలికి పోతే, ఎప్పుడో ఒక గనుల కంపెనీ వేసుకుని వదిలేసిన రన్‌వే ఒకటుంది. చుట్టూ వేరుశనగ చేలు, ఎర్ర గుట్టలు, కంపచెట్లు. మబ్బు పట్టే రోజులు తక్కువ గనుక ఏడాదిలో ఎక్కువ రోజులు విమానం ఎగరేయొచ్చని బయటి ఊరివాళ్ళు దాన్ని లీజుకు తీసుకున్నారు. మా రైతులు తలెత్తి తిట్టుకునే ఆకాశమే వాళ్ళకు కలిసొచ్చింది.

నేను బుక్కరాయసముద్రం పిల్లను. మా నాయన లారీలకు వైరింగ్ పని చేస్తాడు. నన్ను చేర్పించడానికి వచ్చిన రోజు ఆయన విమానం చుట్టూ ఒకసారి తిరిగి, రెక్క మీద వేలితో తట్టి, "లారీ కన్నా పల్చగా ఉండాదే పాపా దీని రేకు" అన్నాడు. తేలికగా ఉంటేనే కదా ఎగిరేది అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మాకు నేర్పిన సార్‌ది హిందూపురం. ఉత్తరాదిలో చాలా ఏళ్ళు విమానాలు నడిపి, భార్యకు సోమందేపల్లె బడిలో టీచరు ఉద్యోగం కావడంతో ఇక్కడికి వచ్చి చేరిపోయారు. తక్కువ మాట్లాడేవారు. ఏదైనా సరే కళ్ళతో చూసి వదిలేయకూడదు, చేత్తో పట్టి చూడాలి అనేవారు. ఇంధనం మూత, టైరు, తలుపు గడియ, అన్నీ మా చేత పట్టించేవారు. నేర్పేవాళ్ళు చాలినంత మంది లేరు. ఎండాకాలంలో కూడా ఆయన పొద్దున ఎక్కితే చీకటి పడే వేళకు దిగేవారు. పైలట్ ఇన్ని గంటలకు మించి ఎగరకూడదని నియమం ఉంది. ఆ నియమం కాగితం మీద చక్కగా పాటించబడేది.

స్కూల్లో ఉన్న విమానాల్లో ఒకదానికి ఎడమవైపు సీటు బాగుండేది కాదు. బస్సు డ్రైవరు సీటు లాగే ఈ సీటు కూడా నేల మీది రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కావలసిన చోట ఒక పిన్ను పట్టాలోని రంధ్రంలో దిగి సీటును పట్టుకుంటుంది. ఈ విమానంలో ఆ రంధ్రాలు అరిగి వెడల్పయ్యాయి. పిన్ను దిగినట్టే శబ్దం వచ్చేది, ఒక్కోసారి దిగేది కాదు. ఇది మా అందరికీ తెలుసు. మరమ్మతుల వాళ్ళకు చెప్పాం. పట్టా కొత్తది తెప్పించాలి, వస్తుంది అన్నారు. మరీ గట్టిగా అడిగితే విమానాన్ని పక్కన పెట్టేస్తారు. పెడితే మా ఎగిరే వంతులు ఆగిపోతాయి. అందుకని అడగడమూ మెల్లగానే అడిగాం.

ఆ ఏడాది స్కూలుకు అనుమతి పొడిగించడానికి తనిఖీ జరిగింది. కార్లో వచ్చిన అధికారుల్లో ఒకాయన తెలుగువాడు, జుట్టు నెరిసిన మనిషి. నాది ఏ ఊరని ఆప్యాయంగా అడిగాడు. వాళ్ళు ఆ రోజంతా ఏసీ గదిలో కూర్చుని కాగితాలు చూశారు. ఆ విమానం బయట ఎండలోనే ఉంది. వెళ్ళే ముందు ఆ పెద్దాయన దాని చుట్టూ ఒకసారి నడిచి, కారెక్కాడు. అనుమతి వచ్చేసింది. స్కూలు యజమాని మాకందరికీ మిఠాయి పంచాడు. మేమూ తిన్నాం.

తర్వాత కొన్నాళ్ళకు ఆ విమానం సర్వీసింగుకు పోయి వచ్చింది. పిల్లలకు ఇచ్చే ముందు తానొక చుట్టు వేసి వస్తానని సార్ ఎడమ సీట్లో కూర్చున్నారు. ఆ రోజు మొదటి వంతు నాది కాబట్టి కుడి సీట్లో నన్ను కూర్చోమన్నారు. ఆయన సీటును ముందుకు లాక్కుని, పిన్ను దిగిన శబ్దం విని, ఒళ్ళంతా బరువు పెట్టి ముందుకూ వెనక్కూ ఊపి చూశారు. కదల్లేదు. నేను పక్కనే ఉండి చూశాను.

చక్రాలు నేల విడిచాయి. ముక్కు పైకి లేచింది. కంచె దాటి చేల మీదికి వచ్చామో లేదో, పక్కన ఏదో గీసుకుపోయిన చప్పుడైంది. సార్ నా పక్కన లేరు. సీటుతో సహా వెనక్కి పోయారు. "సీటు" అన్నారు. ఆ ఒక్క మాటే. ఆయన చేతులు, ఇద్దరి ముందూ ఒక్కోటి ఉండే కంట్రోలు చక్రాల్లో తన దాన్ని పట్టుకునే ఉన్నాయి, మనిషి వెనక్కి పోతుంటే అదీ ఆయనతో పాటు వెనక్కి వచ్చింది. అట్లా లాగితే ముక్కు ఇంకా పైకి లేస్తుంది, వేగం చచ్చిపోతుంది. ఆయన చేతులు వదిలేయగానే నేను నా వైపు కంట్రోలును రెండు చేతులతో ముందుకు తోశాను. వేగం చాలదని హెచ్చరిక మోత మొదలైంది. సరిచేసుకోవడానికి కింద ఎత్తు లేదు. ఎడమ రెక్క వాలిపోయింది.

తెలివి వచ్చేసరికి నేను తలకిందులుగా వేలాడుతున్నాను. తల కిందే ఎర్రమట్టి ఉంది. బెల్టు భుజాల్లోకి, పొట్టలోకి దిగిపోయింది. నా బరువంతా దాని మీదే ఉండడంతో గడియ ఊడడం లేదు. ఎంత గుంజితే అంత బిగుసుకుంది. పెట్రోలు జుట్టు మీద బొట్టుబొట్టుగా పడుతోంది. సార్‌ను చూద్దామంటే మెడ అంత దూరం తిరగలేదు, ఆయన నాకు వెనకగా ఉన్నారు. పిలిచాను. మళ్ళీ పిలిచాను. జవాబు రాలేదు. ఎంతసేపు అట్లా ఉన్నానో చెప్పలేను. నిప్పు అంటుకుంటే ఈ బెల్టులోనే కాలిపోతాను అన్న ఒక్క ఆలోచన తప్ప ఇంకేదీ రాలేదు. దేవుడు కూడా గుర్తుకు రాలేదు.

ముందు గొర్రెల అరుపులు వినిపించాయి. తర్వాత మనుషుల అడుగులు. మడకశిర వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన మొగుడూ పెళ్ళాలు. ఆ ఆడమనిషి పగిలిన అద్దంలోంచి పాక్కుంటూ లోపలికి వచ్చి, కొమ్మలు కొట్టే కొడవలితో నా బెల్టు కోయడం మొదలుపెట్టింది. "తలకాయ చేతుల్లో పెట్టుకో పాపా, కింద పడతావు" అంది. పడ్డాను. కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుంటూ బయటికి లాగారు. తర్వాత సార్‌ను తీయడానికి వెళ్ళారు. ఆయనను వెనక కిటికీ వైపు నుంచి తీయాల్సి వచ్చింది. నాకు కొంచెం దూరంలో పడుకోబెట్టి, ఆమె తన కొంగు చింపి ఆయన ముఖం మీద కప్పింది. అప్పుడు అర్థమైంది.

హిందూపురం ఖబరస్థాన్‌లో సార్‌ను ఖననం చేసినప్పుడు నేను అనంతపురం ఆస్పత్రిలో ఉన్నాను. కుడి భుజం ఎముక, తుంటి ఎముక విరిగాయి. కదలకూడదన్నారు. దర్యాప్తు వాళ్ళు అక్కడికే వచ్చారు. ముందు నడుస్తూ వచ్చిన మనిషిని గుర్తుపట్టాను. అదే నెరిసిన జుట్టు, అదే ఆప్యాయత. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎలా ఉంది తల్లీ అన్నాడు.

"సార్, తనిఖీకి వచ్చింది మీరే కదా" అన్నాను.

"అవునమ్మా. అప్పుడు ఆ సెక్షన్‌లో ఉన్నాను. ఇప్పుడు ప్రమాదాల సెక్షన్‌లో వేశారు. మా దగ్గర మనుషులు తక్కువ. అటువాళ్ళే ఇటు వస్తుంటాం, ఇటువాళ్ళే అటు పోతుంటాం."

ఆ మాట చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు. దాచిపెట్టే ఉద్దేశం కూడా కనపడలేదు. అది వాళ్ళకు రోజూ జరిగే సంగతి. ఆయన సరేనన్న విమానమే కూలింది. ఎందుకు కూలిందో తేల్చేదీ ఆయనే. మంచం మీద పడుకుని ఆ విషయం అర్థం చేసుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. పక్కనున్న కుర్రాడు లాప్‌టాప్‌లో ఇంగ్లీషులో టైపు చేసుకున్నాడు. మర్నాడు సంతకానికి కాగితాలు తెచ్చారు. చదివితే, బయల్దేరే ముందు పైలట్ తన సీటును సరిగా బిగించుకోలేదు, అందువల్ల అది కదిలింది అని ఉంది.

"నేను ఇట్లా చెప్పలేదు సార్. సీటు జరిగింది. ఆయన ఊపి చూసుకున్నాక కూడా జరిగింది. పట్టా అరిగిపోయి ఉండాది."

ఆయన కుర్రాణ్ణి బయటికి పంపాడు. కోపం లేదు. చిన్నపిల్లకు లెక్క విడమర్చినట్టు చెప్పాడు.

"చూడమ్మా. విమానం బాగుందని కాగితాలున్నాయి. సర్వీసింగు చేసినవాళ్ళు సంతకం పెట్టారు. విమానం తప్పు లేదంటే ఇక మిగిలేది మనుషులు. లోపల ఉన్నది ఇద్దరు. ఆయన తప్పు కాదంటే కంట్రోలు మీద ఇంకెవరి చేతులున్నాయని అడుగుతారు. పోయినాయనకు ఇంక పోయేదేమీ లేదు. నీకు ముందు జీవితం ఉంది."

ఆస్పత్రి ఫ్యాను తిరుగుతూనే ఉంది. బెల్టుకు వేలాడినప్పుడు ఎట్లా ఉందో అప్పుడూ అట్లాగే అనిపించింది. ఎటు గుంజితే అటు బిగుసుకుంటోంది. సార్ మీద తోస్తే నేను బయటపడతాను. తోయకపోతే అది నా మీదికి వస్తుంది. పట్టా మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎడమచేత్తో వంకర టింకర అక్షరాలతో తెలుగులో నా మాట నేను రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుని, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎముకలు అతుక్కున్నాయి. ఇంటికొచ్చాను. ఇక అక్కడి నుంచి మొదలైంది అసలు కష్టం. ఆ స్కూలు మూతపడింది. ఇంకో స్కూల్లో చేరదామని ఎక్కడికి పోయినా, ప్రమాదం మీద నివేదిక వచ్చాక రమ్మన్నారు. ఢిల్లీకి ఫోన్ చేస్తే నివేదిక తయారవుతోంది అనేవాళ్ళు. ఒక ఏరువాక పోయింది, ఇంకొకటి పోయింది. ఆ రెండేళ్ళూ వేరుశనగ వేసిన రైతులూ నాలాగే పైకి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రాలు చెరువు కట్ట మీద నడిచేదాన్ని. ఎదురైనవాళ్ళు విమానం కూల్చిన పిల్ల అని చెప్పుకునేవాళ్ళు. నా ముందు కాదు, కానీ వినపడేది. ఒకసారి అమ్మ, నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటే పోయేది కదా అని నా కోసం ఏడ్చింది. నాయన షెడ్డు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ విన్నాడు. "పాప చూసింది చెప్పినాది. చూడంది చెప్పమంటావా?" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు.

సార్ భార్య ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. అంతకు ముందు నేనే పోవాల్సింది, పోయే ధైర్యం చాలలేదు. ఆమె చేతిలో పేపరు ఉంది. పైలట్ తప్పిదమే అని దర్యాప్తులో తేలినట్టు ఎవరో చెప్పగా రాసిన వార్త. బడిలో తోటి టీచర్లు ఆ పేపరు దాచిపెట్టారట. ఎనిమిదో తరగతి చదివే కూతురు వేరేచోట చూసి వచ్చి అమ్మను అడిగిందట. ఆమె మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది.

"నిజం చెప్పమ్మా. మీ సార్ ఏమన్నా మర్చిపోయినాడా?"

"లేదక్కా. చూసుకున్నారు. పిన్ను దిగింది, ఊపి చూసినారు. నేను పక్కనే ఉన్నాను."

"మరి ఏమైంది?"

చెప్పాను. ఆస్పత్రిలో చెప్పినట్టు కాకుండా, మొదటి నుంచి చివరి దాకా, ఏదీ వదలకుండా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"భయపడినాడా?"

"లేదక్కా. సీటు అన్నారు. చేతులు వదిలేసినారు. నేను పట్టుకోవాలనే వదిలినారు."

ఆమె పేపరు మడిచి చేతిలోకి తీసుకుని లేచింది. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి పెట్టింది, విరిగిన భుజం అని గుర్తొచ్చి వెంటనే తీసేసింది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక మాట మీద ఉన్నాం.

మాకు సాక్ష్యం కావాలి. నన్ను బయటికి లాగిన గొర్రెల వాళ్ళను దర్యాప్తు వాళ్ళు ఏమీ అడగలేదు. నాయన బండి మీద నన్ను మడకశిర అవతలి పల్లెకు తీసుకుపోయాడు. అక్కడ సగం మాట తెలుగు, సగం కన్నడం. అడిగి అడిగి వాళ్ళ దొడ్డి పట్టుకున్నాం. ఆమె నన్ను చూడగానే దగ్గరికి తీసుకుంది, నడుస్తాండావు కదా, అదే చాలు అంది. సార్ సీటు ఎక్కడుందో చూసిన మాట చెబుతారా అని అడిగేసరికి ఆమె ముఖం మారిపోయింది. మొగుడు మాట్లాడాడు.

"ఆ పొద్దు పోలీసోళ్ళు మమ్మల్ని స్టేషన్లో కూర్చోబెట్టినారమ్మా. మీరే ఏమన్నా తీసినారా, విమానంలో సామాను యాడ పెట్టినారని అడిగినారు. ఆడ మేము, ఈడ గొర్రెలు నీళ్ళు లేకుండా. మేము నిన్ను చూసినాము, తీసినాము. ఇంకేమీ చూడలేదు."

ఆయనను తప్పు పట్టలేకపోయాను. నా ప్రాణం కాపాడినందుకే వాళ్ళకు ఆ శిక్ష పడింది. ఇంకొకటి ఎందుకు మోయాలి. ఆమె మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, ఊరి బయటి దాకా వచ్చి సాగనంపింది.

నివేదిక వచ్చింది. మొత్తం చదివాను. పైలట్ సీటు బిగింపును నిర్ధారించుకోకపోవడమే ప్రమాదానికి కారణం అని రాశారు. శిక్షణలో ఉన్న అమ్మాయి కంట్రోలును తప్పుగా వాడి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము అని కూడా రాశారు. పట్టా సంగతి ఒక వాక్యంలో ఉంది. అరుగుదల గమనించాము, రికార్డుల ప్రకారం అది పరిమితిలోనే ఉంది అని. చేతి రాతలో నేనిచ్చిన కాగితం గురించి ఎక్కడా లేదు. చివరన ఒక సిఫారసు: సీట్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలని పైలట్లకు అవగాహన తరగతులు పెట్టాలి. తనిఖీల గురించి ఒక్క ముక్క లేదు. రాసినవాళ్ళూ తనిఖీ చేసినవాళ్ళూ ఒకే వరండాలో కూర్చునేవాళ్ళు.

కొట్టిపారేయలేము అన్న ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. తప్పు చేశానని రాసి ఉంటే ఎదిరించేదాన్ని. లేదని రాసి ఉంటే ఎగిరేదాన్ని. రెండూ కాదు. ఏ స్కూలూ చేర్చుకోలేదు. చివరికి బెంగళూరు విమానాశ్రయంలో సరుకులు తూచి పంపే చోట ఉద్యోగంలో చేరాను. షెడ్డులో నా తల మీదుగా విమానాలు లేస్తుంటాయి. మొదట్లో ప్రతి మోతకూ తలెత్తేదాన్ని.

సార్ భార్యా నేనూ కలిసి, దర్యాప్తును మళ్ళీ తెరవమని అర్జీ పెట్టుకున్నాం. బడి సెలవుల్లో ఆమె తన చేత్తోనే అంతా రాసింది. చాలా కాలానికి జవాబు వచ్చింది. కొత్త ఆధారం ఏదైనా ఉంటే తప్ప తెరవడం కుదరదు. ఆధారం అంటే ఆ పట్టాయే. శిథిలాలను రన్‌వే దగ్గరి షెడ్డులోనే ఉంచారని విన్నాం. వేరే ఇంజనీరు చేత కొలిపిద్దాం అనుకున్నాం. ఒక ఆదివారం ఇద్దరం సోమందేపల్లెలో బస్సెక్కి అక్కడికి పోయాం.

గేటు మీద బోర్డు కొత్తది. వేరే పేరుతో స్కూలు మళ్ళీ నడుస్తోంది. కాపలా ఆయన మాత్రం పాతవాడే. సార్ భార్యను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. శిథిలాల గురించి అడిగితే కళ్ళు దించుకున్నాడు.

"దర్యాప్తు అయిపోయింది, తీసేయండని పైనుంచి కాగితం వచ్చినాదమ్మా. పాత ఇనుమోళ్ళు లారీ తెచ్చి కోసుకుని పోయినారు. అన్నీ పోయినాయి."

యాడికి పోయినారు అని ఆమె అడిగింది. ఆయనకు తెలియదు. ఆమె గేటు ఊచ పట్టుకుని నిలబడింది. నేను చెట్టు నీడకు రమ్మన్నాను, రాలేదు.

అప్పుడే యూనిఫారంలో ఒక అమ్మాయి టీ కోసం గేటు బయటి బంకు దగ్గరికి వచ్చింది. ధర్మవరం పిల్లట. నేనూ ఇక్కడే నేర్చుకున్నానని చెప్పి, మాటల్లో మీ సీట్లు గట్టిగా ఉన్నాయా అని అడిగాను. నేనెవరో ఆమెకు తెలియదు. నవ్వుతూ చెప్పింది.

"ఒకదానిది జారుతాది అక్కా. మేము వెనకాల పట్టాలో కొయ్య ముక్క అడ్డం పెట్టుకుంటాము. ఏం కాదు."

సార్ భార్య ఊచ వదిలి ఇటు తిరిగింది. టీచరు గొంతుతో, మెల్లగా అంది. "ఈ పొద్దు ఎక్కొద్దు పాపా. అట్లాంటి సీట్లో కూర్చునే మా ఆయన పోయినాడు."

అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. టీ గ్లాసు బంకు మీద పెట్టేసింది. "నా వంతు పోతే మళ్ళా ఎప్పుడొస్తాదో అక్కా. చెప్పినా మార్చరు. చెప్పినోళ్ళనే పక్కన పెడతారు" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

దర్యాప్తుకు వచ్చిన ఆ పెద్దాయన నంబరు నా ఫోన్లో ఉంది. అక్కడి నుంచే చేశాను. ఎత్తాడు. అంతా విని, ఇప్పుడు తాను వేరే సెక్షన్‌లో ఉన్నానని, రాతపూర్వకంగా పంపితే సంబంధించిన వాళ్ళకు చేరుతుందని చెప్పాడు. పంపుతానన్నాను.

కాసేపటికి విమానం కదిలింది. ఎడమ సీట్లో ఆ అమ్మాయే. సార్ భార్య నా చెయ్యి పట్టుకుంది. చక్రాలు లేచాయి, ముక్కు లేచింది, కంచె దాటింది, చేల మీదుగా పైకి పోయింది. ఆమె చెయ్యి సడలలేదు. విమానం గుట్టల మీదుగా తిరిగి, మళ్ళీ తిరిగి, ఎండలో మెరుస్తూ దిగే వరకూ మేమిద్దరం ఆ కంచె దగ్గరే నిలబడ్డాం. అది వచ్చి ఆగి, అమ్మాయి తలుపు తెరిచి దిగాక, రోడ్డు వైపు నడిచాం.